వినికిడి చదువు

మా తమ్ముడి కూతురు వంద తెలుగు పుస్తకాలు చదివిందన్న వార్త నాకు మొదట ఫోనులో ఒక బొమ్మగా వచ్చింది. బంగారు రంగు కిరీటం, దాని కింద తొమ్మిదేళ్ల పిల్ల ఫొటో, ఆ కింద "శతపుస్తక విజేత" అన్న బిరుదు. పంపింది నా మరదలు. వెనకే బంధువులందరి దగ్గర నుంచీ చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు వరసకట్టాయి. నేను చప్పట్లు కొట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాది ఒకటే పని: మందుల కంపెనీ ప్రయోగశాలలో కూర్చుని, సీసా మీద రాసింది సీసాలో ఉందో లేదో తేల్చడం. లేబుల్ ఎంత అందంగా ఉంటే పరీక్ష అంత జాగ్రత్తగా చేయాలన్నది ఆ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం. అందుకే, "ఏయే పుస్తకాలు?" అని అడిగాను. "మీరు మారరు వదినా" అని జవాబొచ్చింది. నాకు తెలిసినంతవరకు అది పుస్తకం పేరు కాదు.

మా తమ్ముడు సినిమా కథా రచయిత. రచయిత అన్నది మర్యాదకు వాడే మాట. అతను రాస్తుండగా నేను చూసింది తక్కువ. ఫిల్మ్ నగర్‌లో కథ రాసేది కాదు, చెప్పేది. నిర్మాతకు చెబుతారు, హీరోకు చెబుతారు, హీరోకు తీరిక లేకపోతే ఆయన బావమరిదికి చెబుతారు. చేతికి కాగితాలు అందిస్తే అవమానంగా తీసుకునే పెద్దలు అక్కడ ఉన్నారు. "చదవడం ఎందుకయ్యా, నువ్వు చెప్పు, వింటాను" అంటారు. "ఓపెన్ చేస్తే" అని మొదలుపెట్టి, సన్నివేశం మారినప్పుడల్లా "కట్ చేస్తే" అంటూ, ఇంటర్వెల్ దగ్గర గొంతు పెంచి, చివర్లో కళ్లు తుడుచుకుంటూ ఏకబిగిన చెప్పగలిగినవాడే ఆ కొండ మీద పండితుడు. జూబ్లీహిల్స్‌లో ఇళ్లు కట్టింది ఈ నోళ్లే గనక వాటిని తేలిగ్గా తీసిపారేయలేను. అయితే అక్షరంతో వాటికి సంబంధం ఉందని ఎవరైనా అంటే మాత్రం ఆధారం అడుగుతాను.

వాళ్లింటి పై అంతస్తులో కథా చర్చల కోసం ఒక గది ఉంది. అందులో నిలువెత్తు చెక్క అల్మారా, దాన్నిండా తోలు అట్టలతో, బంగారు గీతలతో పుస్తకాలు. ఒకసారి ఒకదాన్ని తీయబోతే వరస మొత్తం కదిలింది. ఏదో సినిమాలో లాయరు గది కోసం కళాదర్శకుడి మనుషులు తయారు చేసినవట; అట్టముక్కలకు రంగు వేసి పలకకు అతికించారు. షూటింగ్ అయ్యాక పారేయడం ఎందుకని తమ్ముడు ఇంటికి తెచ్చుకున్నాడు. "ఫ్రేములో బావుంటాయక్కా" అన్నాడు. వీడియో కాల్ వస్తే వాటి ముందే కూర్చుంటాడు. నా మేనకోడలు పుట్టినప్పటి నుంచి ఎరిగిన గ్రంథాలయం అది.

ఇక పుస్తకాల సంగతి. పిల్ల చదివే బడి పెద్ద బడి. అక్కడి పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదని ఏదో సభలో ఒక పెద్దమనిషి అన్నాడని యాజమాన్యానికి పౌరుషం పుట్టుకొచ్చింది. పౌరుషం వస్తే బడులు ఉపాధ్యాయులను నియమించవు, యాప్ కొంటాయి. ఆ యాప్‌లో పుస్తకం తెరిస్తే ఒక తియ్యని ఆడగొంతు కథ చదువుతుంది, పేజీలు వాటంతటవే తిరుగుతాయి, చివర్లో నాణేలు రాలిన చప్పుడు వినిపిస్తుంది. పుస్తకం తెరిచి ఉంచిన సమయమంతా "చదివిన సమయం" కింద జమ అవుతుంది. నా మరదలు దీనికి తన వంతుగా ఒక శాసనం జోడించింది: చదివిన ప్రతి నిమిషానికీ ఒక నిమిషం కార్టూన్ వీడియోలు చూడవచ్చు. పిల్లల పెంపకం మీద ఆమె విన్న ఏదో ప్రసంగంలో చెప్పారట.

ఆ ఆదివారం నేను వెంగళరావు నగర్ నుంచి ఆటోలో వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో ఎవరూ లేరు. పిల్ల ఒక్కతే నేల మీద కూర్చుని రంగు జిగురుముద్దను సాగదీస్తోంది. సోఫాలోంచి ఎవరో ముద్దుముద్దుగా మాట్లాడుతున్నారు.

"ఏంటమ్మా, దిండు మాట్లాడుతోంది?"

"చదువుతున్నానత్తా" అంది, తల ఎత్తకుండానే.

"దిండు కింద పెట్టా?"

"బయట పెడితే సౌండ్ డిస్టర్బెన్స్ అవుతోంది."

నేను దిండు ఎత్తి చూశాను. ట్యాబ్లెట్‌లో ఒక కుందేలు అడవి దాటుతోంది, పేజీ తనంతట తానే తిరిగింది, నాణేలు రాలాయి. పిల్లను తప్పుపట్టడానికి నాకు కారణం దొరకలేదు. పెద్దలు నిమిషాలు కొంటున్నారు, ఆమె నిమిషాలు తయారు చేసి అమ్ముతోంది. నియమాన్ని శ్రద్ధగా పరిశీలించి, అది దేనికి ప్రతిఫలం ఇస్తోందో కనిపెట్టి, దాన్నే చేసింది. ఆ ఇంట్లో శాస్త్రీయ దృష్టి ఉన్నది ఆమె ఒక్కతికే.

నా మరదలు మేడ దిగి వచ్చాక ఈ మాట చెబితే ముఖం గంటు పెట్టుకుంది. "మీకు ప్రతిదానికీ అనుమానమే వదినా. దానికి చదవడం రాదంటారా? కారులో వెళ్తుంటే మెట్రో స్తంభాల మీద ఉన్న ప్రతి సినిమా పేరూ గడగడా చదివేస్తుంది. కావాలంటే ఇవాళే చూడండి."

చూశాను. సాయంత్రం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా వెళ్తుంటే పిల్ల నిజంగానే ప్రతి పోస్టరుకూ పేరు చెప్పింది. కొన్నిటికి నిర్మాత ఎవరో కూడా చెప్పింది. నా మరదలు అద్దంలోంచి నా వైపు విజయగర్వంతో చూసింది. ఇంటికి వచ్చాక నేను ఒక తెల్ల కాగితం మీద ఆ పేర్లనే నల్ల సిరాతో, మామూలు అక్షరాల్లో రాసి పిల్ల ముందు పెట్టాను. సినిమా పేర్లను మంటల్లోనూ రక్తంలోనూ కత్తి మొనలతోనూ రాస్తారు గదా. ఆ అలంకారం తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలనుకున్నాను. పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇవి ఏ సినిమాలత్తా? రంగు లేదే!"

మరదలు కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పేయడం నా పద్ధతి కాదు. మర్నాటి సాయంత్రం సంచిలో ఒక పిల్లల పుస్తకం పెట్టుకుని వెళ్లాను. దాని అట్ట మీద నదిలో మొసలి వీపు ఉంటుంది. లోపల కథంతా చదివితేగానీ అది మొసలి కాదని, నీళ్లలో కొట్టుకొచ్చిన ఎండు దుంగ అని తెలియదు. చదివినవాళ్లకు ఒక కథ, బొమ్మ చూసినవాళ్లకు మరో కథ దొరికే పుస్తకం, అందుకే ఎంచుకున్నాను. "ఇది చదివి నాకు కథ చెప్పు" అన్నాను. పిల్ల పేజీలు చకచకా తిప్పి, పుస్తకం మూసి, గొంతు సవరించుకుంది.

"ఓపెన్ చేస్తే పెద్ద నది అత్తా. ఫుల్ చీకటి. బుడబుడా బుడగలు. ఊళ్లోవాళ్లందరూ భయపడుతూ ఉంటారు. కట్ చేస్తే మొసలి! హీరో దాన్ని చంపడానికి వస్తాడు. కరెక్ట్‌గా ఇంటర్వెల్‌లో ఏం తెలుస్తుందంటే, ఆ మొసలికి ఒక పిల్ల మొసలి ఉంటుంది. అమ్మ సెంటిమెంట్."

"బావుంది. ఇది పుస్తకంలో ఉందా?"

"ఉంటుంది కదా" అంది పిల్ల. ఆ "ఉంటుంది"లో వాళ్ల నాన్న నూటికి నూరుపాళ్లూ ఉన్నాడు. మొదటి పేజీ పైకి చదవమన్నాను. మొదటి అక్షరం చూసింది, మిగతాది ఊహించింది. తప్పని చెబితే ఇంకొకటి ఊహించింది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయి, పుస్తకాన్ని నా ఒళ్లోకి నెట్టేసింది. అక్షరాలూ గుణింతాలూ బడిలో నేర్పారు, అవి తెలుసు. ఒత్తులు వస్తే కళ్లు పక్కకు తిప్పుకుంటోంది. ఒక పేజీని మొదటి నుంచి చివరి దాకా తనే చదవాల్సిన అవసరం ఆమెకు ఇంతవరకు ఎవరూ కల్పించలేదు. లేబుల్ మీద వంద, సీసాలో సున్నా.

అప్పుడు పిల్ల నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. బడి వార్షికోత్సవంలో ఈ శతపుస్తక విజేతతో వేదిక మీద ఒక పుస్తకం చదివిస్తారట. అందరి పిల్లల ముందు, వాళ్ల అమ్మానాన్నల ముందు.

"నాకు రాదత్తా. అందరూ నవ్వుతారు. నాకు జ్వరమొచ్చిందని నువ్వు చెప్పవా? నువ్వు మందుల దానివి కదా, నువ్వు చెప్తే నమ్ముతారు."

నేను జ్వరం రాసి ఇవ్వనన్నాను. ఏడ్చింది. చూస్తూ కూర్చోవడం సులువు కాలేదు. కానీ ఆ ఇంట్లో అప్పటికే ఉన్న తప్పుడు లేబుళ్లకు నా చేత్తో ఇంకొకటి అతికించలేను. మీ అమ్మానాన్నలకు నిజం చెబుతాను, నీకు చదవడం నేర్పుతాను, ఈ రెండే నా చేతిలో ఉన్నాయన్నాను. "రెండోది చాలు" అంది.

మొదటిది కూడా చేశాను. భోజనాల దగ్గర చెబితే తమ్ముడు నవ్వాడు. "పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిని కూడా రెండో శాంపిల్ అడిగిన దానివి నువ్వు! పిల్లని వదిలేయవే అక్కా. అది కథ చెబితే మా ప్రొడ్యూసర్లే నోరు తెరుచుకుని వింటారు. రక్తంలో ఉంది."

"రక్తంలో కథ చెప్పడం ఉండొచ్చు. వేదిక మీద చదవమంటున్నారు."

"చదవడానికీ చెప్పడానికీ తేడా ఏముంది? వినేవాడికి రెండూ ఒకటే."

నాకు తెలిసి, తెలుగు సినిమా కథల పరిస్థితిని ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ వివరించలేదు.

మరదలు కంగారుపడింది గాని, ఆ కంగారు పిల్ల గురించి కాదు. ఫొటో అప్పటికే అందరికీ వెళ్లిపోయింది. ఆమెతోపాటు నేనూ బడికి వెళ్లి, ఈ పఠన పథకం చూసే కోఆర్డినేటర్‌ను కలిశాను. మాట్లాడుతున్నంతసేపూ చిరునవ్వు చెదరని మనిషి.

"మేడమ్, ఈ యాప్ వాడిన పిల్లల్లో రీడింగ్ చాలా ఇంప్రూవ్ అవుతుందని రీసెర్చ్ చెబుతోంది."

"ఏ పరిశోధన? ఎవరు చేశారు?"

"ఇంటర్నేషనల్ రీసెర్చ్ మేడమ్."

"ఈ పిల్లలను ఏ పిల్లలతో పోల్చి చూశారు? చదవడాన్ని ఎలా కొలిచారు?"

"మినిట్స్‌లో మేడమ్. మా డ్యాష్‌బోర్డ్‌లో మొత్తం ఉంటుంది."

"దిండు కింద పెట్టిన నిమిషాలు కూడా ఉంటాయా?"

నా మరదలు నా మోచేయి గిల్లింది. కోఆర్డినేటర్ చిరునవ్వు అలాగే ఉంది. చివరికి వాళ్లిద్దరూ కలిసి ఒక ఏర్పాటుకు వచ్చారు: వేదిక మీద చదవబోయే కొత్త పుస్తకంలోని మొదటి పేజీని "ప్రిపరేషన్ కోసం" ముందే ఫొటో తీసి పంపిస్తారు. పుస్తకం ఇంకా యాప్‌లోకి రాలేదు గనక దిండుకు కూడా తెలియదు. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టడాన్ని మా రంగంలో ఏమంటారో అక్కడ చెప్పలేదు. మోచేయి అప్పటికే నొప్పిగా ఉంది.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. తెరలను తిట్టేవాళ్ల మాటలు కూడా నేను నమ్మలేదు. తమ్ముడింటికి వచ్చేవాళ్లలో ఒకాయన తెర వెలుగు పిల్లల మెదడును ఎండగొడుతుందని చెబుతాడు. ఎండిన మెదడును ఎక్కడ చూశారని అడిగితే వాట్సాప్‌లో అంటాడు. బంజారా హిల్స్‌లో ఒకావిడ పిల్లలను తెరల్లేని వేసవి శిబిరానికి పంపి, వాళ్లు పూర్తిగా మారిపోయారని ఆ సాయంత్రమే వీడియో పెట్టింది. తెరకు మొక్కేవాళ్లూ తిట్టేవాళ్లూ చేసేది ఒకే పని: పిల్ల ఎదురుగా కూర్చుని పేజీ మీద వేలు పెట్టే చాకిరీ తప్పించుకోవడం. అది విసుగు పుట్టించే చాకిరీ. దానికి పేరు లేదు, అందుకే గిరాకీ లేదు.

ఆ చాకిరీ నేను చేశాను. సాయంత్రాలు వెళ్లి, ఆ ఫొటో పేజీని కాగితం మీద అచ్చు తీయించి, దాని మీద ఒక అట్టముక్క పెట్టేదాన్ని. అట్టకు ఒక మాట మాత్రమే కనిపించేంత కన్నం. కథ ఒక పోస్టు డబ్బా గురించి. వీధి మలుపులోని ఎర్ర డబ్బాలోంచి ఎవరో తుమ్ముతారు, జనం పోగవుతారు, పోస్టుమ్యాన్ వస్తాడు. పిల్ల "పో" చూడగానే "పోలీస్" అనేది.

"అక్కడ ఏముందో చదువు, నీకు ఏం కావాలో కాదు."

"పోలీస్ వస్తేనే కదత్తా సీన్?"

"చదువు."

"పో... స్టు... పోస్టు. పోస్టుమ్యాన్. పోస్టుమ్యాన్ వచ్చి ఏం చేస్తాడు? వేస్ట్."

"ఇది టార్చర్" అని కొన్ని సాయంత్రాలు ఏడ్చింది. అవునన్నాను. ఒత్తు వచ్చినప్పుడల్లా ఆగి, నా ముఖంలో జవాబు వెతికేది. మా తమ్ముడి దగ్గర నేర్చుకున్నది అది: ఎదుటివారి ముఖం చూసి తర్వాతి మాట తేల్చుకోవడం. నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. నా వీపు మీద సమాధానం ఉండదని తెలిశాక ఆమె కళ్లు కాగితం మీదికి దిగేవి. ఒకరోజు పేజీ మొత్తం ఎక్కడా ఊహించకుండా వచ్చింది. నత్తనడక, కానీ ప్రతి మాటా కాగితం మీద ఉన్నదే. చివరి వాక్యం సగంలో ఆగుతుంది. "పోస్టుమ్యాన్ తాళం తీసి తలుపు తెరిచాడు. లోపల", అంతే, పేజీ అయిపోయింది.

"లోపల ఎవరున్నారత్తా? తుమ్మింది ఎవరు?"

"నాకూ తెలియదు."

"నిజంగా తెలియదా? పెద్దదానివి కదా!"

తెలియదనే చెప్పాను. అయినా, ఇప్పటికి ఇన్నిసార్లు చదివిన పేజీ కంఠతా వచ్చేసి ఉంటుందని నా అనుమానం. కంఠతా వచ్చినదాన్ని పైకి చెబితే చదివినట్టు కాదు. అసలు పరీక్ష ఎప్పుడూ చూడని పేజీ మీదే జరగాలి, అది మా దగ్గర లేదు.

వార్షికోత్సవం దగ్గర పడుతుంటే తమ్ముడు తన పద్ధతిలో సహాయం పంపాడు. ఒక కో-డైరెక్టర్, నడివయసు మనిషి. తెలుగు రాని హీరోయిన్లకు కెమెరా పక్క నుంచి మాటలు అందించే ప్రాంప్టింగ్‌లో పేరున్నవాడు. సోఫాలో కూర్చుంటూనే నాకు ధైర్యం చెప్పాడు.

"జర ఫికర్ చెయ్యకున్రి మేడమ్. బొంబాయి నుంచి వచ్చినోళ్లకు తెలుగు ఒక్క ముక్క రాదు. గట్లాంటోళ్లతోని పేజీలకు పేజీలు చెప్పిచ్చిన. గీ పాపది మన తెలుగే గద. గిదేం పని?"

"వాళ్లు చదవరు కదండీ. ఇది చదవాలి."

"సదివినా సదవకున్నా పెదాలు కలిస్తే సాలు మేడమ్. ఎవరు సూస్తరు?"

పిల్ల చెవిలో ఇమిడిపోయే చిన్న ఇయర్‌ఫోన్ పెడతారు, తెర పక్క నుంచి ఈయన ఫోనులో చదువుతాడు, పిల్ల పుస్తకం పట్టుకుని అదే మాట పలుకుతుంది. జుట్టు అడ్డం వేస్తే కనబడదని నా మరదలు లెక్క చూసుకుంది. తొమ్మిదేళ్ల పిల్లకు తన మాతృభాషలో డబ్బింగ్! ఈ ఆలోచన ప్రపంచంలో మరే ఊరివాళ్లకూ రాదు. నేను గొంతు పెంచి వద్దన్నాను. "సేఫ్టీ కోసం వదినా, తడబడితే ఉంటుంది" అంది మరదలు. పిల్ల ఇద్దరి వైపూ చూసి, ఇయర్‌ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆ చేతిని నేను ఆపలేదు. నవ్వులపాలు అవుతానన్న భయం ఆమెది, నాది కాదు.

ముందురోజు రిహార్సల్ చూసి తమ్ముడికి పేజీ నచ్చలేదు. "తుమ్మడం ఏంటి, చప్పగా? 'డబ్బాలోంచి ఎవరో గర్జించారు' అని పెట్టు. హాలు లేచి కూర్చుంటుంది" అని కో-డైరెక్టర్ కాగితం మీద కొట్టివేయించాడు. పోస్టుమ్యాన్‌కు ఒక డైలాగ్ కూడా తగిలించాడు.

పిల్ల అచ్చు కాగితం మీద వేలు పెట్టి చూసింది. "నాన్నా, ఇక్కడ అలా లేదు."

"ఉండదు బంగారం. మనం పెడుతున్నాం."

"అచ్చేశాక ఎలా పెడతావు?"

"సెట్‌లో మారుస్తాం కదమ్మా" అన్నాడు తమ్ముడు, ఎంతో ఓపికగా.

వార్షికోత్సవం రోజు హాలు నిండింది. వేదిక వెనక పెద్ద తెర మీద పిల్ల ఫొటో, కిరీటం, చుట్టూ తిరుగుతున్న నాణేలు. నా ముందు వరసల్లో ఫోన్లు పైకి లేచాయి. ప్రతి తల్లీ వేదికను తన చేతిలోని తెరలో చూస్తోంది. కోఆర్డినేటర్ పుస్తకాన్ని పళ్లెంలో పెట్టి తెచ్చి పిల్లకు అందించింది. ఎర్ర డబ్బా బొమ్మ ఉన్న అసలు పుస్తకం. పిల్ల తెరిచింది. జుట్టు చెవి మీదికి దించి ఉంది.

మొదటి వాక్యాలు బాగానే వచ్చాయి, కొంచెం తొందరగా. "డబ్బాలోంచి ఎవరో" అని ఆగింది. తెర పక్కన కో-డైరెక్టర్ పెదాలు కదలడం నేను కూర్చున్న చోటికి కనిపిస్తూనే ఉంది. పిల్ల ఒకసారి అటు చూసింది, ఒకసారి పేజీ చూసింది. "డబ్బాలోంచి ఎవరో... తుమ్మారు" అంది. ఆయన పెదాలు ఇంకా గట్టిగా కదిలాయి. పిల్ల ముఖం చిట్లించి, జుట్టు పక్కకు తోసి, చెవిలోది తీసి గుప్పిట్లో పెట్టుకుంది. వేలు పేజీ మీదికి వచ్చింది. నా మరదలు "అయ్యో" అంది. ఆ తర్వాత చదువు నెమ్మదించింది. హాల్లో ఎవరో దగ్గారు, ఇద్దరు పిల్లలు నవ్వారు. "తలుపు తెరిచాడు. లోపల" దగ్గరికి రాగానే ముందే ఏర్పాటు చేసుకున్న ప్రకారం చప్పట్ల రికార్డు వేశారు. కోఆర్డినేటర్ మైకు కోసం బయలుదేరింది.

పిల్ల పేజీ తిప్పింది.

తెర పక్క నుంచి గుసగుస మైకులో పడి హాలంతా వినిపించింది: "అయిపోయింది బిడ్డా, వచ్చెయ్! వచ్చెయ్!"

"ఒక్క నిమిషం అంకుల్. చదువుతున్నా."

హాలు గొల్లుమంది. పిల్ల పట్టించుకోలేదు. "లోపల ఉత్తరాల గుట్ట మీద ఒక ఉడుత" అని చదివి ఆగిపోయింది. "ని..." అంది. మళ్లీ "నిశ్..." అంది. ఊహించి ఏదో ఒక మాట అనేయవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. "నిశ్చిం... నిశ్చింత... గా. నిశ్చింతగా కూర్చుని ఉంది." అప్పటికి కోఆర్డినేటర్ చేరుకుని, చిరునవ్వుతో మైకు లాక్కుంది, పుస్తకం కూడా. "చూశారా! ఇది మన యాప్ సాధించిన విజయం!" అని ప్రకటించింది. సంగీతం మొదలైంది. రోగి పథ్యం చేసి కోలుకుంటే గుమ్మంలో నిలబడ్డ తాయెత్తులవాడు బిల్లు ఇస్తాడు. నాకు కొత్త కాదు. ఆ పేజీని ఆమె ముందెన్నడూ చూడలేదు. హాలు మొత్తం మీద ఆ సంగతి పట్టించుకున్నవాళ్లం ఇద్దరమే, నేనూ ఆమే.

కారులో మరదలు వీడియోలో నవ్వులు ఎక్కడ కత్తిరించాలో చూసుకుంటోంది. తమ్ముడికి తొందర, ఒక హీరో ఇంట్లో కథ చెప్పాలి. పిల్ల కిటికీ వైపు తిరిగి ముక్కు ఎగబీలుస్తోంది. నవ్వినందుకేమో అనుకుని తమ్ముడు బుజ్జగించబోయాడు.

"నవ్వితే నవ్వనీ నాన్నా! పుస్తకం ఎందుకు తీసేసుకున్నారు? ఉడుతకి జలుబు ఎలా వచ్చిందో తెలియనే లేదు!"

"ఓస్, అంతేనా? నేను చెబుతా విను. ఓపెన్ చేస్తే..."

"వద్దు నాన్నా. నువ్వు మార్చేస్తావు."

ఎదుటివారి ముఖం చూసి కథ మార్చడంలో ఆరితేరిన తమ్ముడికి, ఆ ముఖం కిటికీ వైపు తిరిగి ఉంటే ఏం చేయాలో తెలియలేదు. డ్రైవర్‌తో, "బండి వెనక్కి తిప్పు. బడికి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, తప్పంతా నాదే అన్నట్టు, "అక్కడ హీరో కూర్చుని ఉన్నాడక్కా, నా కథ కోసం" అన్నాడు.

"కాగితాలు పంపించు. చదువుకుంటాడు" అన్నాను.

ఒక్క పుస్తకంతో నేనేమీ రుజువైందని అనను. ఇంకా చాలా పేజీలు చూడాలి. బడి గేటు దగ్గర పిల్ల కారు ఆగీ ఆగకముందే దిగి లోపలికి పరుగెత్తింది. కాసేపటికి ఎర్ర డబ్బా బొమ్మ ఉన్న పుస్తకాన్ని తెరిచి పట్టుకుని, దారి చూసుకోకుండా, మెట్ల మీద ఒక్కొక్కటిగా కాలు పెట్టుకుంటూ వచ్చింది. మరదలు ఫోను పైకెత్తింది.

"అమ్మా, వెలుతురుకి అడ్డం" అంది పిల్ల.